దంత ఎక్స్‌రే: ఉద్యోగుల ఆరోగ్య రక్షణ
(కటవారియా సరాయ్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పింఛన్లు చర్చించే వేదికపై పంటి ఎక్స్‌రే ప్రసక్తి ఏల అని కొందరికి తోచవచ్చును. చికిత్సకు వచ్చే రోగి మన ఉద్యోగి. రైల్వే ఆసుపత్రిలో యంత్రాన్ని నడిపే రేడియోగ్రాఫరు కూడా మన ఉద్యోగియే. కనుక ఇది మన సమస్యయే.

1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి ఏడే దంతవైద్యులు వాటిని ఉపయోగింపసాగారు. అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు యంత్రాన్ని సరిచూడడానికి ఏళ్ల తరబడి తన చేతినే కిరణాలకు ఒడ్డాడు. క్యాన్సరు సోకి వేళ్లను, పిదప చేతిని కోల్పోయి 1928లో మరణించాడు. నేటి జాగ్రత్తల వెనుక ఇట్టివారి బాధ ఉన్నది.

నేడు ఒక చిన్న దంత ఎక్స్‌రే వలన సోకే కిరణ మోతాదు బహు స్వల్పం. భయపడి చికిత్స మానరాదు. అయితే చిత్రం చెడితే మరల తీయవలె; మోతాదు రెట్టింపవుతుంది. కిరణం కోణం తప్పితే పంటి వేరు పొడవుగానో, పొట్టిగానో కనిపిస్తుంది. పక్కపక్క పళ్లు ఒకదానిపై ఒకటి పడి నడుమనున్న పుచ్చు మరుగవుతుంది. ఫిల్మును లేదా సెన్సారును పంటికి సమాంతరంగా హోల్డరుతో నిలిపి, కిరణాన్ని లంబంగా పంపడమే సరియైన పద్ధతి. ప్రతిసారీ అదే పద్ధతిని పాటించవలె. లేనిచో రెండేళ్ల తరువాత చిత్రాలను పోల్చినప్పుడు, ఎముక కరిగినదో, కోణమే మారినదో తెలియదు.

రోగి నోటిలో ఫిల్మును సిబ్బంది తమ వేలితో పట్టుకొనరాదు. తెర వెనుకనో, కనీసం రెండు మీటర్ల దూరంలో కిరణమార్గానికి పక్కగానో నిలువవలె. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం, కిరణాలతో పనిచేసేవారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు.

హడావుడి, హోల్డర్ల కొరత, శిక్షణ లోపం చిత్రాలను చెడగొడతాయి. ఈ లోపాలకు ఉద్యోగిని నిందించడం న్యాయం కాదు. కావున మేము కోరేది:

1. ప్రతి దంత విభాగానికి చాలినన్ని హోల్డర్లు సమకూర్చవలె.
2. సిబ్బందికి శిక్షణ, ప్రతి రోగికి చాలినంత సమయం ఇవ్వవలె.
3. యంత్రాలను నియమిత కాలంలో పరీక్షించవలె.
4. బదిలీ అయ్యే ఉద్యోగికి అతని ఎక్స్‌రే ప్రతులు ఇవ్వవలె.

నాలుగవది మన చేతిలో కూడా ఉన్నది. బదిలీలు మనకు తప్పవు. సామానుతోపాటు పాత ఎక్స్‌రేలను తీసుకొనిపొండి, కొత్త వైద్యునికి చూపండి. ఈ కోర్కెలను శాఖలన్నీ తీర్మానాలుగా ఆమోదించి అధికారులకు పంపవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము.