ఎస్‌డబ్ల్యూఆర్ 1.6 వచ్చిందా? మీ కేబుల్ అబద్ధం చెబుతుండొచ్చు!

ధర్మవరం నుంచి ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. "అన్నా, నానో వీఎన్ఏలో ఎస్‌డబ్ల్యూఆర్ 1.6 వస్తోంది, బాగున్నట్టే కదా? కానీ పెనుకొండలో ఉన్న ఫ్రెండ్ మాట ఒక్క ముక్క వినపడట్లేదు. రేడియో పోయిందంటావా? కొత్తది కొనాలా?" ఇద్దరూ లైసెన్స్ ఉన్న హ్యామ్‌లే. యాంటెన్నా మిద్దె పైన వాటర్ ట్యాంక్ పక్కన, రేడియో కింద గదిలో. మధ్యలో 30 మీటర్ల ఆర్‌జి-58 కేబుల్.

డబ్బులు తర్వాత ఖర్చుపెడుదువు గానీ, ముందు మిద్దెక్కి యాంటెన్నాని కేబుల్ నుంచి ఊడదీసి, కిందకొచ్చి మళ్లీ కొలువు అని చెప్పాను. ఎంత వచ్చిందో తెలుసా? 1.7! అసలు యాంటెన్నానే లేదు, మీటర్ మాత్రం పర్లేదు అంటోంది.

ఎందుకలా? వీఎన్ఏ కేబుల్‌లోకి చిన్న సిగ్నల్ పంపి, తిరిగొచ్చింది ఎంత అని చూస్తుంది. తక్కువ తిరిగొస్తే "యాంటెన్నా తీసేసుకుంది" అనుకుంటుంది. దారిలో కేబుల్ తినేసిందేమో దానికెలా తెలుస్తుంది?

లెక్క చాలా ఈజీ. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జి-58లో నష్టం సుమారు 6 డీబీ. అంటే పవర్‌లో నాలుగో వంతే పైకి చేరుతుంది. పైన ఏమీ లేదు కాబట్టి మొత్తం వెనక్కి తిరుగుతుంది. కిందకొచ్చేసరికి దాంట్లో మళ్లీ నాలుగో వంతే మిగులుతుంది. 16లో 1 వంతు! వోల్టేజ్ లెక్కలో 4లో 1. 1.25ని 0.75తో భాగించండి, 1.67. తమ్ముడికి వచ్చిన 1.7 ఇదే. మరి మొదట చూసిన 1.6? కేబుల్ నష్టం తీసేస్తే పైన అసలు విలువ దాదాపు 25. అంటే యాంటెన్నా కనెక్ట్ అయి లేనట్టే.

ఇంకో తమాషా. కేబుల్‌లోకి వాననీళ్లు దిగితే నష్టం పెరుగుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ ఇంకా "బాగుపడుతుంది". వాన పడ్డాక రీడింగ్ బాగైందంటే సంతోషపడకండి, కనెక్టర్ విప్పి చూడండి.

సరే, కరెక్ట్‌గా కొలవాలంటే? క్యాలిబ్రేషన్ వీఎన్ఏ దగ్గర కాదు, కేబుల్ అవతలి చివర చేయాలి. కింద మీటర్ దగ్గర ఒకరు, పైన ఓపెన్, షార్ట్, 50 ఓమ్ లోడ్ ఒక్కొక్కటిగా బిగిస్తూ ఇంకొకరు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ. అప్పుడు మీటర్‌కి కేబుల్ అనేదే లేనట్టు, నేరుగా యాంటెన్నా కాళ్ల దగ్గరే కూర్చున్నట్టు. మీటర్‌నే పైకి తీసుకెళ్లొచ్చుగా అంటారా? మిద్దె మీదైతే ఓకే. టవర్ మీదైతే ఎక్కిన మనిషి ఒళ్లే యాంటెన్నా పక్కన నిలబడి రీడింగ్ మార్చేస్తుంది.

ఇక్కడ అందరూ వదిలేసేవి రెండున్నాయి. మొదటిది స్పాన్. 30 మీటర్ల కేబుల్‌లో అలలు ప్రతి 3.3 మెగాహెర్ట్జ్‌కి ఒకసారి లేచి పడతాయి. 1 నుంచి 900 దాకా 101 పాయింట్లతో స్వీప్ చేస్తే పాయింట్‌కి పాయింట్‌కి మధ్య 9 మెగాహెర్ట్జ్. అలలన్నీ ఆ సందుల్లోనే జారిపోతాయి, మీకు పిచ్చి గీతలు మిగులుతాయి. 140 నుంచి 150 దాకా చాలు. స్పాన్ పెట్టుకున్నాకే క్యాలిబ్రేషన్.

రెండోది ఎండ. ఈ కేబుల్‌లో పోయి రావడమంటే సుమారు 44 వేవ్‌లెంగ్త్‌లు. కేబుల్ ఎలక్ట్రికల్ పొడవు వెయ్యిలో ఒక వంతు మారినా ఫేజ్ దాదాపు 16 డిగ్రీలు జరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు క్యాలిబ్రేట్ చేసి, మధ్యాహ్నం మన సీమ ఎండలో కొలిస్తే ఇంపీడెన్స్ ఎలా కుదురుతుంది? ఇది చాదస్తం అనుకోకండి. హిందూపురంలో బెంగళూరు రైలెక్కితే కాసేపట్లో గౌరీబిదనూరు వస్తుంది కదా. అక్కడ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ల రేడియోహీలియోగ్రాఫ్ ఉంది, 1997 నుంచి సూర్యుణ్ణి రేడియో తరంగాల్లో చూస్తోంది. యాంటెన్నాల నుంచి వచ్చే కేబుల్స్‌ని వాళ్లు సుమారు మీటర్ లోతున పాతిపెట్టారు. పగలు రాత్రి వేడి తేడా వాటికి తగలకూడదని! మనం తవ్వక్కర్లేదు గానీ, క్యాలిబ్రేషన్, కొలత రెండూ ఒకే పూట అరగంటలో ముగించేయండి.

ఒక్కవైపు నష్టం 20 డీబీ ఉంటే మాత్రం ఈ పద్ధతిని నమ్మొద్దు. రానుపోను 40 డీబీ పోయాక మిగిలేది మీటర్ సొంత తప్పులంత ఉంటుంది. మీ కేబుల్ నష్టం ఎంతో తెలియాలా? వీఎన్ఏని దాని దగ్గరే క్యాలిబ్రేట్ చేసి, కేబుల్ అవతలి చివర షార్ట్ చేసి, రిటర్న్ లాస్ చూసి సగం చేయండి.

తమ్ముడు సాయంత్రం మళ్లీ మిద్దెక్కాడు. యాంటెన్నా కనెక్టర్ లోపల మధ్య తీగ సోల్డర్ ఊడిపోయి ఉంది. అతికించి, పైన క్యాలిబ్రేట్ చేసి కొలిస్తే 1.3. ఇప్పుడు పెనుకొండ వినపడుతోందట. కొత్త రేడియో డబ్బులు మిగిలాయి, వాటితో మంచి కేబుల్ కొంటానంటున్నాడు. ఏ కేబుల్ కొనాలన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. మీ స్క్రీన్‌షాట్లు పంపేటప్పుడు కేబుల్ పేరు, పొడవు కూడా రాయండి, బై!