‘ఊరికే’ అంటే ఊరోళ్ళకేనా?

(వేసవి సెలవుల్లో అమలాపురంలో విద్యార్థులు, యువజనుల ముందు మేం చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకి పిలవడానికి వచ్చిన పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ‘సెలవులొచ్చాయి. కొందరం కోచింగుల కోసం రాజమండ్రి, కాకినాడ, విశాఖ, హైదరాబాద్ పోతున్నాం. జేబులో బస్సు చార్జీలు తప్ప ఏమీ ఉండవు. డబ్బు పెట్టకుండా పట్నంలో ఏం చూడొచ్చు? ఎక్కడ కూర్చోవచ్చు?’ అని. ఉద్యమ సభలో ఇదేం ప్రశ్న అని పక్కనున్న ఒకరిద్దరు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. మనోళ్ళు దెబ్బలు తిన్నది, ప్రాణాలు పోగొట్టుకున్నది ఇలాంటి చోట్ల దగ్గరే. అందుకని ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాం.

మన తెలుగులో ఉచితానికి ఇంకో మాట ‘ఊరికే’. ఊరికే ఇచ్చాడు అంటాం. పనీ పాటా లేకపోతే ఊరికే కూర్చున్నాడు అంటాం. ఆ మాటని కాస్త పట్టి చూడండి. ఊరికే, అంటే ఊరికి మాత్రమే. పేటకి కాదు! మాట పుట్టుక అది కాకపోవచ్చు గానీ, మన బతుకులో ఆ మాటకున్న అర్థం మాత్రం అదే. ఊళ్ళో ఊరికే దొరికేవన్నీ ఊరోళ్ళకే దొరికాయి. రావిచెట్టు కింద చప్టా ఊరికే. చెరువు గట్టు ఊరికే. కాలవ రేవు ఊరికే. వీధి అరుగు ఊరికే. వీటిలో దేనికీ ఎవడూ టిక్కెట్టు కొట్టలేదు. అయినా మన తాతలు అక్కడ కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వీధి దాటిన కథ చెప్పే ముసలోళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు. టిక్కెట్టు లేదు గానీ గేటు ఉంది. ఆ గేటు దగ్గర అడిగేది ఒక్కటే మాట: ‘ఎవరి తాలూకా రా?’

మన కోనసీమనే చూడండి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ మూడు పాయల మధ్య ఉన్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, పొలాలు పచ్చబడ్డాయి. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకొచ్చి ఫోటోలు దిగి, భూలోక స్వర్గం అని పోతారు. కొబ్బరి చెట్టు వాళ్ళకి నీడ. మనకి ఎక్కి దింపాల్సిన కాయ, ఒలవాల్సిన డొక్క. ఏటిగట్టు వాళ్ళకి షికారు. మనకి కూలికి పోయే దారి. స్వర్గంలో పుట్టి కూడా ఒక సాయంత్రం ఆ గట్టు మీద ఊరికే కూర్చుని, నీళ్ళ వైపు చూసిన మనిషి మన పేటల్లో ఎంతమంది? తీరిక కూడా భూమిలాంటిదే. అది కూడా పంచలేదు మనకి.

బాబాసాహెబ్ బతుకులోంచి రెండు సంగతులు చెప్తాం. రెండూ ఆయనే రాసుకున్నవి.

1917లో ఆయన విదేశాల్లో చదువుకుని బరోడాలో ఉద్యోగానికి వచ్చాడు. ఎవరూ ఇల్లు ఇవ్వరు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని దిగాడు. సంగతి బయటపడింది. కర్రలు పట్టుకుని గుంపు వచ్చి ఖాళీ చెయ్యమంది. స్నేహితుల్ని అడిగితే వాళ్ళూ దారి చూపలేదు. బొంబాయి రైలు రాత్రికి గాని లేదు. అప్పుడాయన ఎక్కడికి పోయాడు? కామాఠీ బాగ్ అనే పబ్లిక్ తోటలోకి పోయి, రైలు వేళదాకా అక్కడే కూర్చున్నాడు. అంత చదువు చదివిన మనిషికి ఆ పట్నంలో నిలవనీడ ఇచ్చింది ఒక్క పార్కు. ఎందుకిచ్చింది? అది ఎవడి సొంతమూ కాదు గనక. అక్కడ ఎవడూ కులం అడగలేదు గనక.

రెండోది 1934 నాటిది. ఆయనా, మనవాళ్ళు ముప్ఫై మంది దాకా బస్సులో ఎల్లోరా గుహలు, దౌలతాబాద్ కోట చూడ్డానికి బయల్దేరారు. సరదాగా, అందరు మనుషుల్లాగే. అప్పుడు దౌలతాబాద్ నైజాం రాజ్యంలో ఉంది. కోట వాకిట్లో నీళ్ళ తొట్టి కనబడితే దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, కాళ్ళు కడుక్కున్నారు. ఒక ముసలాయన కేకలేసుకుంటూ వచ్చాడు, నీళ్ళు మైలపడ్డాయని. జనం పోగయ్యారు. చివరికి లోపలికి పోనిచ్చారు గానీ, కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టుకోకుండా చూడ్డానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు. విహారానికి పోయినవాళ్ళ వెనకాల కాపలా! ఆ ముసలాయన ముస్లిం, ఆ సత్రం పార్సీలది. కులం గేటుకి మతం అడ్డం రాలేదని ఆ రెండు సంగతులూ చెప్తాయి.

ఈ రెంటికీ మధ్యలో, 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగాడాయన. ఆ చెరువు మున్సిపాలిటీది. అందరికీ తెరిచామని మున్సిపాలిటీ అంతకుముందే తీర్మానం కూడా చేసింది. కాయితం మీద ఊరికే, గట్టు మీద ఊరోళ్ళకే. ఆ తేడాని చెరపడానికి ఆయన దోసెడు నీళ్ళు తాగాల్సొచ్చింది. దాని మీద పడ్డ కోర్టు కేసు తేలేసరికి 1937 అయ్యింది. దోసెడు నీళ్ళకి పదేళ్ళు.

మన రాష్ట్రానికి రండి. 1985 జూలైలో కారంచేడు. ఎక్కడ మొదలైంది? మనవాళ్ళు తాగే చెరువు నీళ్ళ దగ్గర. అందులో కుడితి బక్కెట్లు కడగొద్దని అడిగినందుకు. ఆరుగురిని చంపారు. 1991లో చుండూరు. ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో, కాలు తగిలిందన్న మాట మీద. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఒకటి చెరువు గట్టు, ఒకటి సినిమా హాలు. పొలం గట్టు తగాదా కాదు, ఓట్ల తగాదా కాదు. మనిషి మనిషిలా నిలబడే చోటు దగ్గర తగాదా. కారంచేడుకి నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్న బొజ్జా తారకం గారు మన కందికుప్ప మనిషి. ఆ దారి మన కోనసీమకి కొత్త కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం ప్రతి ఒక్కరూ నోటికి నేర్చుకోవాలి. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే బహిరంగ స్థలాలు. వీటిలోకి పోవడానికి కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదు. ఆ జాబితా చదివితే ఏమనిపిస్తుంది? అది రాసిన చేతులకి చవదార్ చెరువూ, దౌలతాబాద్ తొట్టీ, బరోడా సత్రమూ తెలుసనిపిస్తుంది. తర్వాత 1955లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. బహిరంగ స్థలానికి పోయే దారిని మనకి అడ్డుకుంటే ఈ చట్టం కింద నేరం. ఇది తెలిసినవాడికి పార్కు బెంచీ మీద నడుం నిటారుగా నిలుస్తుంది.

ఇక మీరడిగిన చోట్ల గురించి.

మొదటిది లైబ్రరీ. అమలాపురంలో ఉంది, చాలా మండలాల్లో శాఖలున్నాయి. ఎవరినీ అడగకుండా పోయి పేపరు చదవొచ్చు. ఇది ధర్మం కాదని గుర్తుంచుకోండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. పేటలో పెంకుటిల్లు వాడు కూడా కట్టాడు. కట్టినవాడు లోపలికి పోడానికి సిగ్గెందుకు? హైదరాబాద్ పోయినవాళ్ళు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పొండి. 1891లో పుట్టిన లైబ్రరీ అది. ఉద్యోగాల పరీక్షలకి చదివే పేదపిల్లలు పొద్దుటి నుంచి అక్కడే ఉంటారు. అద్దె గదిలో ఫ్యాను లేనివాడికి అది చదువూ, చల్లదనమూ.

రెండోది ట్యాంక్‌బండ్. హుస్సేన్ సాగర్ గట్టు మీద నడవడానికి పైసా ఇవ్వక్కర్లేదు. 1986లో పెట్టిన విగ్రహాల వరసలో మన జాషువా ఉన్నాడు. మన కాలవల కాటన్ దొర కూడా ఉన్నాడు. నీళ్ళ మధ్యలో బుద్ధుడు. 1990లో తీసుకెళ్తుండగా పడవతో సహా మునిగి, మనుషుల ప్రాణాలు కూడా తీసుకుపోయి, 1992లో పైకి వచ్చి నిలబడ్డాడు. అక్కడికి దగ్గర్లోనే 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్. సాయంత్రం ఆ దారంట నడిస్తే పక్కన నడిచేవాడు మీ ఊరేంటని కూడా అడగడు. పట్నంలో ఇల్లు అద్దెకడిగితే మాత్రం కులం అడుగుతారు, అది వేరే సభలో మాట్లాడదాం. కానీ గట్టు మీద నడిచేవాడిని అడగరు. పల్లెని వదిలి పట్నం పొమ్మని బాబాసాహెబ్ అన్నది ఊరికే అనలేదు.

మూడోది నీళ్ళ ఒడ్డు. విశాఖలో బీచ్ రోడ్డు. రాజమండ్రిలో గోదావరి ఘాట్లు. అంతదాకా ఎందుకు, మనకి ఓడలరేవు ఉంది. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు ఉంది. ఉప్పునీళ్ళకి హద్దు గీసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. కనుమ రోజున జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా పోయింది ఆ ప్రభల తీర్థమే. దేవుడి మీద నమ్మకం ఉండడం లేకపోవడం మీ ఇష్టం. తీర్థం చూడ్డానికి టిక్కెట్టు లేదు. ప్రభ మొయ్యడంలో ఎవరెవరి భుజాలున్నాయి, ఎవరెవరివి లేవు అని కూడా కళ్ళు తెరిచి చూసి రండి. చూడ్డం కూడా ఒక చదువే.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. గట్టు మీద ఊరికే కూర్చున్న ఆడమనిషిని మన పేటలో ఎవరైనా చూశారా? కూర్చుంటే ‘పనేం లేదా’ అనేది పెత్తందారు ఒక్కడే కాదు, మన ఇంట్లో మగాడు కూడా. దానికి తోడు, పార్కులో దీపం ఉండదు, బీచిలో మరుగుదొడ్డి ఉండదు. మగాడికి ఊరికే దొరికిన చోటు ఆడపిల్లకి భయం ఖరీదు పెడితే గాని దొరకదు. మున్సిపాలిటీని దీపం అడగడం, మరుగుదొడ్డి అడగడం ఉద్యమం పనే. చెల్లెళ్ళని వెంటబెట్టుకు పొండి. పోయాక వాళ్ళ మీద కాపలా కాయకండి. దౌలతాబాద్ సిపాయి మనలో ఉండకూడదు.

ఇంకో గేటు వస్తోంది, కనిపెట్టండి. ఊరికే ఉన్న చోట్లు తగ్గిపోతున్నాయి. ఏటి ఒడ్డున రిసార్టు లేస్తే ఒడ్డుకి పోయే దారి మూసుకుపోతుంది. పార్కుకి కంచె పడితే టిక్కెట్టు కిటికీ వస్తుంది. కులం గేటు కాస్త వదులయ్యేసరికి డబ్బు గేటు బిగుస్తోంది. రెండు గేట్ల దగ్గరా ఆగిపోయేది మనోళ్ళే. అందుకని ఒడ్డుకి దారి ఉందా, పార్కుకి టిక్కెట్టు ఎవరు పెట్టారు, ఏ తీర్మానంతో పెట్టారు అని అడగడం నేర్చుకోండి.

చివరిగా మన అమలాపురం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న ఇదే పట్నంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు, బస్సులు తగలబెట్టారు. ఆ మంత్రి దళితుడు, ఆ శాసనసభ్యుడు బీసీ. పేరు ఎవడి పొలమూ తీసుకోదు, ఎవడి జేబూ కొయ్యదు. బోర్డు మీద పేరు చదవడం కూడా ఊరికే. ఆ ఊరికే దొరికేది కూడా మనకి దక్కకూడదన్నదే ఆ మంటల అర్థం. జూన్‌లో మంత్రివర్గం పేరు ఖాయం చేసింది. ఈ రోజు బోర్డు మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఉంది. కానీ ఆ రోజుల్లో గడియార స్తంభం సెంటర్‌కి రావడానికి మన పిల్లలు జంకిన మాట నిజం. బోర్డు మీద పేరు ఎక్కింది గానీ, బోర్డు కింద మన పిల్లలు నిమ్మళంగా నిలబడాలి. అప్పుడే పేరు పెట్టినట్టు.

కాబట్టి ఈ ఆదివారం చేయాల్సిన పని చెప్పి ముగిస్తాం. పదిమంది కలిసి బయల్దేరండి. ముగ్గురో నలుగురో ఆడపిల్లలు తప్పకుండా ఉండాలి. ముందు లైబ్రరీకి పోయి ఒక గంట చదవండి. తర్వాత సెంటర్‌లో నిలబడి టీ తాగండి. సాయంత్రం ఏటిగట్టుకి పొండి. తగాదా వెతుక్కోకండి, తాగి పోకండి, చెత్త వెయ్యకండి. ఎవడైనా లేవమంటే లేవకుండా, ఏ చట్టం ప్రకారం అని అడగండి. పేరు, టైము, సాక్షి రాసుకుని మా దగ్గరికి రండి, అర్జీ మేం రాస్తాం. ఎవడూ ఏమీ అనకపోతే మరీ మంచిది. పొద్దు గుంకేదాకా కూర్చోండి. పాటలు పాడుకోండి. ఏ పనీ చెయ్యకండి. మీ తాత మూడు తరాల పాటు నడుం వంచి చేసిన పనికి కూలీ బాకీ ఉంది. ఆ సాయంత్రం అందులో మొదటి వాయిదా.

జై భీమ్.