ఇమేజి బూట్ అయింది, లాగిన్ ఎందుకు కాలేదు?

ఆర్మూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో కివీ గురించి చూద్దాం. సూసే దగ్గర పుట్టిన టూల్ ఇది. ఏమేం కావాలో ఒక ఫైల్‌లో రాసి ఇస్తే, ప్యాకేజీలన్నీ ఒక ఫోల్డర్‌లోకి ఎక్కించి, దాన్ని బూట్ అయ్యే డిస్క్ ఇమేజిగా తయారు చేసి ఇస్తుంది. ఫెడోరా క్లౌడ్ ఇమేజిలు కూడా దీనితో తయారవుతున్నాయి.

ముందు బూట్‌లోడర్. కెర్నెల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు 'కెర్నెల్-ఇన్‌స్టాల్' అనే ప్రోగ్రాం నడిచి, గ్రబ్ మెనూకి ఒక ఎంట్రీ రాస్తుంది. అందులో రూట్ డిస్క్ యూయూఐడీ కావాలి. ఇమేజిలో ఈటీసీ కింద కెర్నెల్ ఫోల్డర్‌లో సీఎండీలైన్ ఫైల్ ఉంటే అందులోంచి తీసుకుంటుంది. లేకపోతే ప్రోక్‌లో ఉన్న సీఎండీలైన్ చదువుతుంది. అక్కడే వచ్చింది చిక్కు! ఆ ప్రోక్ ఎవరిది? ఇమేజిది కాదు, ఇమేజి తయారు చేస్తున్న మన మెషీన్‌ది. అంటే మన డిస్క్ నంబరు పోయి ఇమేజిలో కూర్చుంటుంది. ఇమేజిని వేరే కంప్యూటర్‌లో పెడితే అది లేని డిస్క్ కోసం చాలాసేపు చూసి చూసి, చివరికి ఎమర్జెన్సీ షెల్‌లో పడేస్తుంది. అందుకే ఇమేజికి పార్టిషన్లు తయారై, అసలు యూయూఐడీ తెలిసిన తర్వాత ఆ ఎంట్రీలను సరిదిద్దాలి.

సరే, బూట్ అయింది. పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లాగిన్ కాదు. ఇది ఎస్ఈలినక్స్ పని.

మన పసుపు నిజామాబాద్ యార్డుకు పోతుంది కదా. కుప్పకు లాట్ నంబరు ఉంటది. బేరం, తూకం అన్నీ ఆ నంబరు మీదనే. ఎంత మంచి కొమ్మైనా చీటీ ఊడిపోతే కాంటా దగ్గర అది ఎవరిదో తెల్వదు. ఎస్ఈలినక్స్ కూడా అట్లనే, ఫైల్ పేరు చూడదు, దానికున్న లేబుల్ చూస్తుంది. లేబుల్ లేని ఫైల్‌ను 'అన్‌లేబుల్డ్' కింద కడుతుంది. షాడో ఫైల్‌కు లేబుల్ లేకపోతే లాగిన్ ప్రోగ్రాంకి దాన్ని చదివే హక్కే ఉండదు.

లేబుళ్ళు వేసేది సెట్‌ఫైల్స్. దాన్ని మధ్యలో నడిపి, ఆ తర్వాత పాస్‌వర్డ్ పెట్టినా, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాసినా, ఇందాక చెప్పిన గ్రబ్ ఎంట్రీని కొత్త ఫైల్‌గా రాసి పాతదాని చోట పెట్టినా, ఆ ఫైళ్ళకు లేబుల్ ఉండకపోవచ్చు. బూట్‌లోడర్‌ను సరిచేసిన పనే లేబుల్‌ను పోగొట్టిందన్నమాట. కాబట్టి రాసే పనులన్నీ అయ్యాకే సెట్‌ఫైల్స్. ఆ తర్వాత ఫైళ్ళను డిస్క్‌లోకి కాపీ చేసేటప్పుడు ఆర్‌సింక్‌కు ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్ల ఆప్షన్ తప్పనిసరి, లేబుల్ ఉండేది వాటిలోనే. ఈఎఫ్ఐ పార్టిషన్ మాత్రం ఫ్యాట్, దానికి ఈ గొడవ లేదు.

ఆటోరీలేబుల్ ఫైల్ పెడితే సరిపోదా? మొదటి బూట్‌లో మొత్తం డిస్క్ తిరిగి మళ్ళీ రీబూట్ అవుతుంది. ఒక్క మెషీన్‌కైతే ఓకే, యాభై మెషీన్లకు విసుగు. రీడ్-ఓన్లీ రూట్ అయితే అసలు పనిచేయదు. కొందరు ఎస్ఈలినక్స్‌నే ఆపేస్తారు. అది నాకు నచ్చదు, చీటీ పోయిందని యార్డు గేటే పీకేసినట్టుంటది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇమేజిని లూప్ మౌంట్ చేశాను. లోడర్ ఎంట్రీలో 'రూట్' అన్న చోట ఉన్న యూయూఐడీని 'బీఎల్‌కేఐడీ' ఇచ్చినదానితో పోలుస్తాను. తర్వాత ఈటీసీలో 'ఎల్ఎస్'కి పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తున్నాను. షాడో పక్కన 'షాడో_టీ' అని వచ్చింది చూశారా, ఈ ఇమేజి పంపించొచ్చు.