కాగితం మీద కనబడని మొహల్లా

(మస్జిద్ కమిటీ ఏర్పాటు చేసిన మొహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నిర్వాహకులు నాకు నాలుగు విషయాలు రాసి ఇచ్చారు. మస్జిద్ ముందు బండ్ల రద్దీ, చెత్త, పోలీసు తనిఖీలు, ఇందిరమ్మ ఇళ్లు. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను కనుక నాకు ఈ నాలుగూ ఒకే ఫైలుగా కనబడుతున్నాయి. మన ఇల్లు తాతగారి పేరు మీద ఉంది. మన బండి అమ్మినవాడి పేరు మీద ఉంది. మన దుకాణం ఎవరి పేరు మీదా లేదు. మన ఫిర్యాదు నోటిమాటగా గాలిలో ఉంది.

ముందుగా ఇళ్ల సంగతి చెబుతాను. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో ప్రారంభించింది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకునేందుకు రూ. 5 లక్షలు విడతలవారీగా ఇస్తారు. ‘సొంత స్థలం’ అన్న రెండు మాటల దగ్గరే మనవారిలో చాలామంది ఆగిపోతున్నారు. స్థలం లేక కాదు. అరవై గజాలున్నాయి, ఏటా ఇంటి పన్ను కడుతున్నారు. అయితే ఆ రసీదు ఏనాడో కాలం చేసిన తాతగారి పేరున వస్తోంది. ఆయనకు ఐదుగురు సంతానం, వారికి పదిహేడు మంది. ఒకరు సౌదీలో, ఇంకొకరు భీవండిలో ఉన్నారు. విరాసత్ పంపకం ఈనాటికీ జరగలేదు. పంచుకుందామంటే ఇంట్లో చిచ్చు రేగుతుందని భయం. అంతకంటే పెద్ద భయం, ఆడబిడ్డల వాటా మాట ఎత్తవలసి వస్తుందని. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. షరీఅత్ రక్షణకు సభలు పెట్టే మనం, అదే షరీఅత్ చెల్లెలికి నిర్ణయించిన వాటాను రాసి ఇవ్వడానికి మూడు తరాలుగా వాయిదా వేస్తున్నాం. దాని ఫలితంగా చెల్లెలికి వాటా రాలేదు, అన్నకు ఇల్లు రాలేదు.

కొన్ని ఇళ్లలో తండ్రి బ్రతికుండగానే నోటిమాటగా హిబా చేసి ఉంటారు. ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకునేవారు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే ముస్లిం వ్యక్తిగత చట్టం ప్రకారం హిబా చెల్లుతుంది. దానిని కాగితం మీద పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. కాని మున్సిపల్ కార్యాలయంలో పేరు మార్పిడి చూసే సీటు ముందు నిలబడి నోటిమాటను ఎలా చూపించగలం? సాక్షులు బ్రతికుండగానే, వకీలు సలహాతో, జరిగినదంతా రాయించి పెట్టుకోండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పులను, లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినదేనని ఇమామ్ సాహెబ్ గారు ఇక్కడే ఎన్నోసార్లు చెప్పారు.

ఇంకొక చిన్న సంగతి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో కింద ఒకటి, పైన ఒక అంతస్తు కట్టుకోవడానికి అనుమతితో పనిలేదు. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. ఈ సంగతి తెలియక దళారులకు వేలకు వేలు సమర్పించుకున్నవారు మన వీధిలోనే ఉన్నారు.

ఇక పోలీసు తనిఖీలు. తెల్లవారకముందే వీధి రెండు చివరలా మూసివేసి, ఇంటింటికీ తలుపు తట్టే కార్డన్ సెర్చ్ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. మర్నాడు పత్రికలో వరుసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ల ఫొటో వస్తుంది. చూసినవారు అవి దొంగ బండ్లనుకుంటారు. వాటిలో చాలావాటి దోషం ఒక్కటే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు ఆర్‌సీని తన పేరు మీదికి మార్పించుకోలేదు. కొన్న 30 రోజులలో దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇది మన చేతిలో ఉన్న పని. డిజిలాకర్‌లో చూపే ఆర్‌సీ, లైసెన్సు కూడా చెల్లుతాయి కనుక మీ అబ్బాయిల ఫోన్లలో వాటిని పెట్టించండి.

అయితే మన కాగితం సరిగా లేనంత మాత్రాన వీధి వీధినంతా అనుమానితులుగా నిలబెట్టే అధికారం ఎవరికీ రాదు. గేటెడ్ కాలనీల దగ్గర ఇటువంటి తాళ్లు కట్టినట్లు నేను ఎన్నడూ వినలేదు. చట్టం పోలీసులను కూడా కాగితమే అడుగుతోంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు అధికారి వారెంటు లేకుండా ఇల్లు సోదా చేయాలంటే అందుకు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. సోదాను, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారీని వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. స్థానికులైన ఇద్దరు సాక్షులుండాలి, జాబితా ప్రతి ఇంటివారికి ఇవ్వాలి. సాక్షిగా విచారించేందుకు స్త్రీలను గాని, 60 ఏళ్లు దాటిన పురుషులను గాని, 15 ఏళ్ల లోపు పిల్లలను గాని స్టేషన్‌కు రమ్మని ఆజ్ఞాపించకూడదు, వారున్న చోటికే వెళ్లి అడగాలి. ఇది 179వ సెక్షన్. తలుపు తట్టినప్పుడు వాగ్వాదానికి దిగకండి. ఏ అధికారి, ఏ సమయంలో వచ్చారు, ఏమేమి తీసుకువెళ్లారు అన్నది ఆ పూటే, ఆ తేదీతో రాసి పెట్టండి. రెండు నెలల తరువాత వకీలు అడిగేది అదే.

చెత్త విషయం క్లుప్తంగా ముగిస్తాను. పట్టణమంతా పారవేసిన అట్టలు, ఇనుము, ప్లాస్టిక్ తిరిగి కర్మాగారాలకు చేరుతున్నాయంటే అందులో మన కబాడీ సోదరుల చెమట ఉంది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త ఏరుకునేవారిని గుర్తించి, పొడి చెత్త సేకరణలో భాగస్వాములను చేయాలని పురపాలక సంస్థలను ఆదేశించాయి. ఆ మాట అడగడానికి ముందు రోడ్డు మీద పోసిన సరుకును లోపలికి తీయాలి, ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. నలుగురైదుగురు కలిసి ఊరి చివర ఒక షెడ్డు అద్దెకు తీసుకోవడం ఒక్కొక్కరు వీధిలో తిట్లు తినడం కంటే మేలు.

బండ్ల సంగతిలో మాత్రం ప్రభుత్వాన్ని అడగవలసినది కొంచెమే. జుమా రోజున మన బండ్లు వీధిని పూర్తిగా మూసివేస్తున్నాయి. పక్కింటి హిందూ సోదరుడి గుమ్మానికి అడ్డంగా బండి పెట్టి తాళం వేసి లోపలికి వస్తున్నాం. గుండెనొప్పి వచ్చినవాడి కోసం 108 వాహనం వస్తే ఏ సందులోంచి వెళ్తుంది? దారిలోని ఆటంకాన్ని తొలగించడం ఈమాన్‌లో భాగమని మనకు తెలియనిది కాదు. పైగా ఈ రోజులలో బండి మీద వచ్చిన ఫిర్యాదు బండి దగ్గర ఆగడం లేదు, నమాజు మీద ఫిర్యాదుగా మారిపోతోంది. ఆరుగురు యువకులు వంతులవారీగా గంటసేపు వీధి మొగలో నిలబడి, బండ్లను ఖాళీ మైదానానికి మళ్లిస్తే ఈ నెలలోనే ఇది తీరిపోతుంది.

చివరగా అర్జీల గురించి, నాకు బాగా తెలిసిన విషయం గురించి. నాయకుడి ఇంటి వసారాలో చెప్పుకున్న బాధ ఆఫీసుకు చేరదు. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. ఒక అర్జీలో ఒకే విషయం రాయండి. డ్రైనేజీ, వీధి దీపం, పింఛను కలిపి రాస్తే ఏ సీటు గుమాస్తా కూడా దానిని తనదిగా తీసుకోడు. పక్క సీటుకు తోస్తాడు. అక్కడి నుండి అది మరో సీటుకు పోతుంది. మీ అర్జీని ఎలా ముగించారో కూడా అడగండి. ‘ఎల్.డిస్.’ అని రాశారంటే ఆ కాగితం ఏడాది మాత్రమే ఉంటుంది, తరువాత చించివేస్తారు. ‘ఆర్.డిస్.’ అయితే శాశ్వతంగా రికార్డు గదిలో ఉంటుంది. స్మశాన స్థలం, మస్జిద్ దారి వంటి విషయాలు ఎల్.డిస్. కింద ముగిసిపోకుండా చూసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజులలో సమాధానం చెప్పి తీరాలి.

వచ్చే ఆదివారం జుహర్ తరువాత మదర్సా పెద్ద గదిలో కూర్చుంటాను. ఇంటి పన్ను, ఆర్‌సీ, లైసెన్సు, ఏ కాగితమైనా తీసుకురండి. చదువుకున్న మన ఆడపిల్లలు ముగ్గురు స్త్రీల కోసం వేరుగా కూర్చోవడానికి ఒప్పుకున్నారు. వాటాల విషయం మాట్లాడదలచిన అక్కచెల్లెళ్లు వారి దగ్గరకు నిస్సంకోచంగా రావచ్చు. అసలు పత్రాలు మాత్రం ఇంట్లోనే ఉంచండి, జిరాక్సులు చాలు.