డబ్బుకీ ఉంది పుట్టిల్లు



మా అబ్బాయి అమెరికా వెళ్ళాక కూడా వాడు పంపే డబ్బు, ఇక్కడి ఇంటద్దె, రెండూ వాడి పాత సేవింగ్స్ ఖాతాలోనే వేస్తూ వచ్చాం. తీరా వాడు అక్కడ ఇల్లు కొనుక్కుంటూ డబ్బు పంపమంటే, ఏది ఎక్కడిదో తేల్చి కాగితాలు సిద్ధం చేసేసరికి మూడు నెలలు పట్టింది. ఆ ఇల్లు కాస్తా చెయ్యిజారిపోయింది.

పిల్లలు పైదేశంలో ఉద్యోగాల్లో కుదురుకోగానే పాత ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్పించాలి. అద్దెలాంటి ఇక్కడి రాబడి అందులో వెయ్యాలి. దాని వడ్డీకి పన్ను పడుతుంది. అక్కడి జీతం ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేస్తే రూపాయలుగా ఉంటుంది; వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అమెరికాలో మాత్రం లెక్క చూపాలి. ఎప్పుడైనా తిరిగి పంపుకోవచ్చు. కాని ఈలోగా రూపాయి విలువ పడిపోతే నష్టం మనదే. మళ్ళీ డాలర్లలోనే కావలసిన సొమ్మయితే, 1 నుంచి 5 ఏళ్ళ గడువుతో ఎఫ్.సి.ఎన్.ఆర్. డిపాజిట్ మేలు. అందులో డాలరు డాలరుగానే ఉంటుంది.

డబ్బుకీ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉంటాయమ్మా! వడ్డీ ఎంతని అడిగేముందు, ఆ సొమ్ము ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ఖర్చు కావాలో చూసుకోండి. సెలవు.