ఇంగ్లీషు మాటల వెనక ఎవరి చెయ్యి?

(సంగనకల్లు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



మన బళ్ళారి సీమలో తెలుగు, కన్నడం రెండూ అందరికీ వచ్చు. తికమకంతా పేపర్లో, టీవీలో దొర్లే ఇంగ్లీషు మాటల దగ్గరే. రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసి బడి చదువుతో ఆగినవాళ్లం మనం. అయినా వీటి గుట్టు పట్టుకోవచ్చు. మూడు మాటలు చెబుతాను.

మొదటిది 'లాబీ'. అంటే చట్టసభలో మెంబర్లను బయటివాళ్లు కలుసుకునే హాలు. అక్కడ చెవిలో పని చెప్పుకోవడమే లాబీయింగ్ అయింది. చెప్పుకోవడం తప్పు కాదు, మనమూ మహజర్లు ఇస్తాం. అయితే మనం పదిమంది చూస్తుండగా జెండా పట్టుకుని వెళతాం. కంపెనీ మనిషి మూసిన గదిలో మాట్లాడి వస్తాడు.

రెండవది 'ఆస్ట్రోటర్ఫ్'. ఇది ప్లాస్టిక్ గడ్డి. 1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పరిచారు కాబట్టి ఆ పేరు వచ్చింది. జనంలోంచి పుట్టిన ఉద్యమాన్ని ఇంగ్లీషువాళ్లు గడ్డివేళ్లతో పోలుస్తారు. 1985లో లాయిడ్ బెంట్సన్ అనే సెనేటరుకు గుట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. అవి ఇన్సూరెన్సు కంపెనీల మేలు కోరేవి. ఇది వేళ్లున్న గడ్డి కాదు, ఆస్ట్రోటర్ఫ్ అన్నాడాయన. డబ్బుతో పుట్టించిన ప్రజాభిప్రాయానికి అదే పేరు నిలిచింది.

మూడవది 'పెయిడ్ న్యూస్', అంటే డబ్బు పుచ్చుకుని వార్తలాగా అచ్చేసిన ప్రకటన. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల నుంచి ఫిర్యాదులొచ్చాయి. ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డిలతో ఉపసంఘం వేసింది. కంపెనీలు పత్రికల యాజమాన్యాలకు షేర్లిచ్చి ప్రచారం పొందే 'ప్రైవేట్ ట్రీటీ'ల సంగతి కూడా వాళ్లు రాశారు. కౌన్సిల్ 2010లో కుదించిన నివేదికే ప్రకటించింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి నివేదిక బయటపడింది. సమాచార హక్కు చట్టం విలువ ఇదీ!

కనుక మన గురించి ఏ వార్త వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. ఈ మాట ఎవరిది? ఖర్చు ఎవరిది? లాభం ఎవరికి? 'లేబర్ ఫ్లెక్సిబిలిటీ' అని తియ్యగా రాస్తారు. ఫ్లెక్సిబిలిటీ అంటే వంగే గుణం. వంగేది ఎవరి నడుము? పని గంటలా, కూలీనా, ఉద్యోగ భద్రతా?

ఇలాంటి మాట కనబడితే పేపరు కత్తిరించి గేటు మీటింగుకు తీసుకురండి. పదిమందిమీ కూర్చుని చదువుకుందాం. అర్థమైన మాట మనల్ని మోసం చెయ్యలేదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!