కణానికి తోడు వేసిన తెలుగువాడు



క్యాన్సర్ కణం అనగానే 'గబగబా పెరిగిపోతుంది' అంటాం. ల్యాబులో ఇన్నేళ్లు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, అది సగమే నిజం. మన పేగు లోపలి పొర, ఎముక మూలుగ చేసే హడావిడి ముందు చాలా కణుతులది నత్తనడక. కీమోథెరపీకి జుట్టు రాలేది, నోరు పూసేది అందుకే. విభజన జరిగే చోటల్లా ఆ మందు దెబ్బ కొడుతుంది, తన పర భేదం చూడదు. కణితి కణం చేసే తప్పు, ఆగాల్సిన చోట ఆగకపోవడం.

మరి ఆగు, సాగు అని కణానికి చెప్పేదేమిటి? ఆ సంగతి వెతికినవాళ్లలో మనవారొకరున్నారు, పోతు నరసింహారావుగారు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఈ సభలో ఎవరినడిగినా చెబుతారు. ఈయన పేరు విన్నవాళ్లను చేతులెత్తమనడానికి నాకే మొహమాటంగా ఉంది.

రావుగారు అమెరికాలో పని చేసింది హీలా కణాల మీద. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి, ఆమెను మాటమాత్రం అడగకుండా తీసినవి. ఆవిడ ఆ ఏడాదే పోయారు. కణాలు మాత్రం ఇవాళ్టికీ దాదాపు రోజుకొకసారి రెండింతలవుతూనే ఉన్నాయి.

పళ్లెంలో లక్షల కణాలు, తలా ఒక దశలో. కొన్ని డీఎన్ఏకు నకలు రాసుకుంటుంటాయి, కొన్ని ఇంకా మొదలెట్టవు, కొన్ని ముగించి కూర్చుంటాయి. వీటిని ఒక వరసకు తేవాలి. థైమిడిన్ ఎక్కువ పోసి నకలు పని ఆపి, వదిలి, ఆనక నైట్రస్ ఆక్సైడ్‌ను గట్టి ఒత్తిడితో పంపి సరిగ్గా విడిపోబోయే ఘడియలో పట్టేశారు. పళ్ల డాక్టర్ల దగ్గరుండే లాఫింగ్ గ్యాసేనండీ! 1968లో 'సైన్స్' పత్రికలో వచ్చిందా పద్ధతి. విడిపోయే కణం గుండ్రంగా ఉబ్బి పళ్లేన్ని అంటీ అంటనట్టు ఉంటుంది. కాస్త కదిపితే ఊడొస్తుంది.

తర్వాత కొలరాడోలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి, చంపిన సెండాయ్ వైరస్‌ను జిగురులా వాడి, వేర్వేరు దశల కణాలను ఒకటిగా అతికించారు. ఒకే ఇల్లు, రెండు కేంద్రకాలు. నకలు రాస్తున్నదాని పక్కన ఇంకా మొదలెట్టనిది చేరితే, అదీ తొందరపడి మొదలెట్టింది. రాసి ముగించినది చేరితే మళ్లీ రాయలేదు, పక్కది ముగించేదాకా కాచుకుంది. విడిపోతున్న కణంతో దేన్ని అతికించినా, దాని కేంద్రకం పొర చెదిరి, వేళ కాకుండానే క్రోమోజోములు బయటపడ్డాయి. నకలు సగంలో ఉన్నదైతే నుజ్జునుజ్జయినట్టు కనిపించింది.

పాలలో తోడు వేసినట్టే కదా! విడిపోయే కణం రసంలో ఏదో ఉంది, తగిలినదాన్నల్లా తన దారికి తెచ్చుకుంటుంది. ఆ తోడు సైక్లిన్, సీడీకే అనే ప్రోటీన్ల జంట అని తేలడానికి 1980లు ముగియవచ్చాయి. సీడీకే 4, 6లను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌ను ఇవాళ రొమ్ము క్యాన్సర్‌కు ఇస్తున్నారు. కణవిభజన గుట్టు విప్పినందుకు 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు నోబెల్ వచ్చింది. ఆ వరసలో రావుగారు లేరు. నా మట్టుకు నాకది వెలితే.

వెనక కూర్చున్న డిగ్రీ పిల్లలకు ఒక మాట. ఆ అతుకుల ప్రయోగం 1970 జనవరి 'నేచర్'లో ఉంది. ఈ వారమే తీసి చదవండి. అర్థం కానిచోట గుర్తు పెట్టుకుని నా దగ్గరకు రండి, కలిసి చూద్దాం.